కర్చీఫ్ వేసిన సీటు: పక్క కంపెనీ లాంచ్ రోజునే ప్రకటన ఎందుకొస్తుంది

హన్మకొండ చౌరస్తా దగ్గర మా బామ్మర్దికి చిన్న మొబైల్ షాపు ఉంది. నెలాఖరులో జీఎస్టీ లెక్కలు చూసిపెట్టడానికి సాయంత్రాలు అక్కడికి పోయి కూర్చోవడం నాకు అలవాటు. మూడేళ్ల కిందటి మాట. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా రెండు రోజులుంది. అప్పుడే మార్కెట్లోకి దిగిన ఒక మోడల్ ముప్పై పీసులు నాలుగు రోజుల కింద దింపుకున్నాడు. ముప్పై తీసుకుంటే స్కీము కలిసొస్తుందని డిస్ట్రిబ్యూటర్ మనిషి చెప్పాడు, దసరా గిరాకీ ఎట్లాగూ ఉంటుందని ఇతనూ సరేనన్నాడు. నాలుగు రోజుల్లో ఏడు పోయాయి కూడా. ఆ రోజు మధ్యాహ్నం ఇంకో కంపెనీ యూట్యూబ్‌లో ఒక కొత్త ఫోన్ చూపించింది. అలాంటి కెమెరానే, అంతకన్నా పెద్ద బ్యాటరీ, ధర రెండు వేలు తక్కువ ఉండొచ్చని ఒక సూచన. ఎప్పుడొస్తుందంటే, త్వరలో.

సాయంత్రం ఏడింటికల్లా నా కళ్ల ముందే ఆరు గిరాకీలు వచ్చి పోయాయి. డెమో పీసు చేతిలోకి తీసుకుంటారు, ఎదురుగా ఉన్న చాయ్ బండిని ఒక ఫొటో తీస్తారు, వేళ్లతో పెద్దది చేసి చూస్తారు, మళ్లీ స్టాండులో పెట్టేస్తారు. "అన్నా, గా కొత్తది వస్తుందట గదా. జర ఆగుతం." ఆ కొత్తది దసరాకు రాలేదు, దీపావళికీ రాలేదు. ఈలోగా ఇతను తెచ్చిన ఫోన్ కంపెనీ భయపడి ధర 1,500 తగ్గించింది. అలా ధర తగ్గినప్పుడు షాపులో అమ్ముడుపోకుండా ఉన్న పీసులకు డిస్ట్రిబ్యూటర్ క్రెడిట్ నోట్ ఇస్తాడు. కాకపోతే బిల్లయి ముప్పై రోజులు దాటని సరుకుకే ఇస్తామన్నారు. ఇతని బిల్లుకు అప్పటికి నలభై రోజులు. పండగలో ఇంకో నాలుగు పోగా మిగిలినవి పందొమ్మిది. నష్టం 28,500 రూపాయలని పుస్తకంలో రాసింది నేనే.

ఆ మొదటి రాత్రి షెటర్ దించుకుంటూ అతను అన్నాడు: "బావా, నా ఫోన్ల తప్పేమున్నది? పొద్దుగాల ఎంత మంచిగుండెనో పొద్దూకినంక గూడ గంతే మంచిగున్నది గదా." నిజమే. ఫోన్ మారలేదు, ధర మారలేదు, పండగ దూరం పోలేదు. కొనేవాడి మనసులో "కొందాం" ఉన్నచోట "ఆగుదాం" వచ్చి కూర్చుంది. ఆ రెండో కంపెనీ ఆ రోజు మార్కెట్లోకి వదిలిన సరుకు ఆ "ఆగుదాం" ఒక్కటే. దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, లారీ కిరాయి లేదు. ఎదుటివాడి పెట్టెలు మాత్రం ఉన్నచోటే ఆగిపోతాయి.

మేడారం జాతర రోజుల్లో హన్మకొండ బస్టాండులో నిలబడ్డవాళ్లకు ఈ విద్య కొత్తగా చెప్పక్కర్లేదు. బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీదికి తిరగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, కర్చీఫులు లోపల పడతాయి. మనిషి ఇంకా కిందనే ఉంటాడు, సీటు మాత్రం అతనిదైపోతుంది. సినిమావాళ్లు కూడా ఇదే మాట వాడతారు, సంక్రాంతికి ఫలానా సినిమా కర్చీఫ్ వేసిందని. 2020 సంక్రాంతికి ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు రెండూ జనవరి 12 మాదేనని ప్రకటించుకున్నాయి, చివరికి ఒకటి 11న, ఒకటి 12న వచ్చాయి. కర్చీఫ్ వేయడం తప్పని నేను అనను. వేసినవాడు మెట్లెక్కి వచ్చి కూర్చుంటే గొడవ లేదు. పక్కవాడు కూర్చోకూడదనే వేసి, తాను ఆ బస్సే ఎక్కకపోతే అది వేరే సంగతి. ఇబ్బంది ఏమిటంటే, కిటికీలోంచి పడే క్షణాన రెండు కర్చీఫులూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ముందు వీటిని విడదీసి చూడాలి. సరుకు సిద్ధంగా ఉండి, రేపో ఎల్లుండో దుకాణంలో దొరికేదాన్ని పక్కవాడి లాంచ్ రోజునే ప్రకటిస్తే అది పోటీ. కొనేవాడికి ఎదురెదురుగా రెండు పెట్టుకుని చూసే అవకాశం వస్తుంది. సరుకు నిజంగానే తయారవుతూ ఉండి, రావడానికి ఏడాది పట్టేదాన్ని ఇప్పుడే చెబితే అది మధ్యరకం, ఎక్కువ తగవులు ఇక్కడే. చేసే ఉద్దేశం లేకుండానో, చెప్పిన తేదీకి రాదని లోపల తెలిసీనో చెప్పేది మూడోది. కంప్యూటర్ రంగంలో దీన్ని వేపర్‌వేర్ అంటారు, ఆవిరి సరుకు అన్నమాట. బయటివాడికి రెండోదీ మూడోదీ తేడా తెలియదు. కంపెనీ లోపలి కాగితాలు కోర్టుకెక్కినప్పుడే బయటపడుతుంది, ఆ లోపు పదేళ్లు గడిచిపోతాయి.

అలా కాగితాలు కోర్టుకెక్కిన పెద్ద కథ అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎంది. 1963 ఆగస్టులో కంట్రోల్ డేటా కార్పొరేషన్ అనే చిన్న కంపెనీ సీడీసీ 6600 అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. సేమోర్ క్రే రూపొందించిన ఆ యంత్రం అప్పటికి ప్రపంచంలో అన్నిటికన్నా వేగమైనది. ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ ఆ వార్త విని తన కింది అధికారులకు ఒక నోట్ రాశాడు. ఊడ్చే మనిషితో కలిపి 34 మంది ఉన్న ప్రయోగశాల చేసిన పనిని, ఇంత పెద్ద బలగం ఉన్న మనం ఎందుకు చేయలేకపోయామన్నది దాని సారాంశం. ఆ తర్వాత 1964లో ఐబీఎం తన సిస్టమ్ 360 వరసలో, 6600కు దీటైన యంత్రం వస్తోందని కొనుగోలుదారులకు చెప్పడం మొదలుపెట్టింది. అదే మోడల్ 91.

అప్పుడు ఆ కంప్యూటర్లు కొనేవాళ్లు ఎవరో ఆలోచించండి. అణు ప్రయోగశాలలు, ప్రభుత్వ సంస్థలు, పెద్ద విశ్వవిద్యాలయాలు. ఒక్కో యంత్రం లక్షల డాలర్లది, ఒకసారి కొంటే ఏళ్ల తరబడి దానితోనే గడపాలి. అలాంటిచోట "ఐబీఎం వాళ్లది కూడా వస్తోందట" అన్న ఒక్క మాట ఫైలు మీద సంతకం ఆపడానికి చాలు. కంట్రోల్ డేటా అమ్మకాలు మందగించాయి, ధరలు తగ్గించుకోవాల్సి వచ్చింది. మోడల్ 91 మాత్రం 1967లో గానీ గడప దాటలేదు, చేసిన యంత్రాలు మొత్తం కలిపి ఇరవైకి లోపే. కంట్రోల్ డేటా 1968 డిసెంబరులో కోర్టుకెక్కింది. కాగితాల మీది యంత్రాలను, దయ్యపు కంప్యూటర్లను చూపించి తమ వ్యాపారాన్ని దెబ్బకొట్టారన్నది దాని ఆరోపణ. 1973 జనవరిలో రాజీ కుదిరింది, ఐబీఎం తన సర్వీస్ బ్యూరో విభాగాన్ని కంట్రోల్ డేటాకు అప్పగించింది. ఆ రాజీలో భాగంగా ఒక పని జరిగింది. ఐబీఎం లోపలి పత్రాల్లో ఏది ఎక్కడుందో చూపేలా కంట్రోల్ డేటా లాయర్లు కష్టపడి తయారు చేసుకున్న కంప్యూటర్ సూచికను ధ్వంసం చేశారు. 1969 జనవరిలో ఐబీఎం మీద అమెరికా ప్రభుత్వం విడిగా వేసిన కేసుకు ఆ సూచిక ఎంతో అవసరం. ఆ ప్రభుత్వ కేసు పదమూడేళ్లు సాగి, 1982 జనవరిలో ఏ తీర్పూ లేకుండా ఉపసంహరణతో ముగిసింది. ఈ కేసు గురించి చదివిన ప్రతిసారీ నా మనసు ఆ సూచిక దగ్గరే ఆగుతుంది. కర్చీఫ్ ఏ ఉద్దేశంతో వేశారో వెతికి పట్టుకోగలిగిన ఒకే ఒక దారి అది.

మైక్రోసాఫ్ట్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి ముక్తసరిగా చెబుతాను. విండోస్‌ను 1983 నవంబర్ 10న ప్రకటించారు, 1985 నవంబర్ 20న అమ్మారు. ఆ రెండేళ్ల మధ్యలో విజీకార్ప్ వాళ్ల విజీ ఆన్ లాంటి పోటీ సాఫ్ట్‌వేర్లు మార్కెట్లో ఉన్నాయి, నిలబడలేకపోయాయి. విజీ ఆన్‌కు దాని జబ్బులు దానికున్నాయి, ఖరీదెక్కువ, నడక నెమ్మది, కాబట్టి అంతా విండోస్ ప్రకటన పుణ్యమే అంటే అన్యాయం. 1995 ఫిబ్రవరిలో జడ్జి స్టాన్లీ స్పోర్కిన్ అమెరికా ప్రభుత్వంతో మైక్రోసాఫ్ట్ కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఆమోదించనన్నాడు, చెప్పిన కారణాల్లో ఈ ఆవిరి సరుకు ఒకటి. నాలుగు నెలలకు పైకోర్టు ఆయన తీర్పును కొట్టేసి, కేసు నుంచే తప్పించింది.

"ఆగుదాం" అన్ని సరుకుల మీదా ఒకేలా పనిచేయదు. పాల ప్యాకెట్ కొనేవాడిని ఎవరూ ఆపలేరు. ఒకసారి కొంటే మూడు నాలుగేళ్లు వాడేది, డబ్బు గట్టిగా పెట్టేది, తప్పు కొంటే వెనక్కి పోలేనిదయితే మాట పనిచేస్తుంది. నలుగురూ కొనేదే మనమూ కొనాలనిపించే సరుకయితే ఇంకా బాగా పనిచేస్తుంది. జోసెఫ్ ఫారెల్, గార్త్ సలోనర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1986లోనే దీన్ని లెక్కలు వేసి చూపించారు. పదిమంది వాడితేనే విలువ పెరిగే సరుకులో ఒక ముందస్తు ప్రకటన కొద్దిమందిని ఆపినా చాలు, పాత సరుకు గుంపు పెరగడం ఆగుతుంది, దాన్ని చూసి ఇంకొందరు ఆగుతారు. కొత్తది అంతకన్నా నాసిరకమైనా గెలిచిపోయే వీలుంది.

మన దగ్గర ఈ ఆట అందరి జేబులోకీ వచ్చింది 2016లో. జియో ఎప్పుడు మొదలవుతుందా అని దేశమంతా చూస్తున్న రోజుల్లో, ఆగస్టు 29న ఎయిర్‌టెల్ డేటా రేట్లు ఎనభై శాతం దాకా తగ్గిస్తున్నామంది. ఒకసారి 1,498 రూపాయలు కడితే ఏడాదిపాటు జీబీ 51 రూపాయలకే. మూడు రోజులకు, సెప్టెంబర్ 1న, రిలయన్స్ వాటాదారుల సమావేశంలో ముకేశ్ అంబానీ మాట్లాడుతుండగానే ఎయిర్‌టెల్, ఐడియా షేర్లు పడిపోవడం మొదలైంది. కాల్స్ ఎప్పటికీ ఉచితం, డిసెంబర్ 31 దాకా డేటా కూడా ఉచితమని ఆయన చెప్పాడు, 5వ తేదీ నుంచి సిమ్ములు ఇచ్చారు. ఇక్కడ రెండు వైపులా కర్చీఫులు వేశారు, ఇద్దరూ సీటులో కూర్చున్నారు కూడా. రేట్లు నిజంగా తగ్గాయి, సిమ్ములు నిజంగా దొరికాయి. మా చౌరస్తాలో ఆధార్ జిరాక్సు పట్టుకుని నిలబడ్డ లైన్లు నాకు గుర్తే. ఇలాంటి తేదీల పోటీ వల్ల జనానికి మేలే జరిగింది.

మరుసటి ఏడు జియోఫోన్ సంగతి అంత సూటిగా లేదు. 2017 జూలై 21న ప్రకటించారు. 1,500 డిపాజిట్, మూడేళ్లకు వాపసు, అంటే ఫోన్ ఉచితమనే లెక్క. ఆగస్టు 24న బుకింగ్ మొదలైంది, 500 ముందు కట్టాలి. సెప్టెంబర్ చివరి దాకా ఫోన్లు జనం చేతికి చేరడం మొదలవలేదు. ఈ రెండు నెలలు బటన్ ఫోన్లు అమ్మే చిన్న దుకాణాల పరిస్థితి ఆలోచించండి. ఊళ్లలో అమ్మమ్మకు, పొలం కాడికి పోయే నాయనకు కొనే వెయ్యి, పన్నెండొందల ఫోన్ అది. ఉచితంగా వస్తుందని టీవీలో చెప్పాక ఎవరు కొంటారు? ఎయిర్‌టెల్ అక్టోబర్ 11న కార్బన్ కంపెనీతో కలిసి 1,399కే పడే స్మార్ట్‌ఫోన్ తెచ్చింది, అదీ ముందు 2,899 కట్టి తర్వాత వాపసు తీసుకునే పద్ధతి. జియోఫోన్ నిజంగానే వచ్చింది, కోట్ల మంది వాడారు, దాన్ని ఆవిరి సరుకనడానికి వీల్లేదు. కానీ ప్రకటనకూ సరుకుకూ మధ్యనున్న ఆ రెండు నెలల ఎడాన్ని భరించింది షాపు అద్దాల పెట్టెలో ఉన్న పాత సరుకు, దాని యజమాని.

మధ్యలో చిన్న మొత్తం కట్టించుకోవడం ఇందులో బలమైన ముడి. 2021 జూలై 15న ఓలా ఎలక్ట్రిక్ 499 రూపాయలకు స్కూటర్ బుకింగ్ తెరిచింది, ఒక్కరోజులో లక్ష బుకింగులు అన్నారు. ఆగస్టు 15న స్కూటర్ చూపించారు, అక్టోబర్ అనుకున్న డెలివరీలు డిసెంబర్ 15న మొదలయ్యాయి. బెంగళూరుకే చెందిన సింపుల్ ఎనర్జీ కూడా సరిగ్గా అదే ఆగస్టు 15న తన స్కూటర్‌ను చూపించి 1,947 రూపాయలకు బుకింగ్ పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఆ అంకె. ఆ బండి అమ్మకానికి వచ్చింది మాత్రం 2023 మే నెలలో. వాపసు వచ్చే డబ్బే కదా అనిపిస్తుంది. కానీ 499 కట్టిన మనిషి ఇంకో షోరూం గడప తొక్కడు. తొక్కినా "మాది బుక్ అయింది" అంటాడు. ఇక్కడ కర్చీఫ్ వేసింది కంపెనీ కాదు, కంపెనీ తరఫున కొనేవాడే తన సీటుకు తాను వేసుకున్నాడు.

పక్కవాడి తేదీ వీళ్లకు ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. గూఢచారులేమీ అక్కర్లేదు. విలేకరులకు ఆహ్వానాలు రెండు మూడు వారాల ముందే పోతాయి. ఫలానా గంట దాకా రాయొద్దన్న షరతు మీద సరుకు వివరాలూ పోతాయి. భారత్‌లో అమ్మే మొబైల్‌కు ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మోడల్ నంబరు అక్కడ కనిపించిందంటే రోజులు దగ్గరపడ్డట్టే. డీలర్ మీటింగులు పెడతారు, అక్కడ కూర్చున్న డీలర్లలో సగం మంది పోటీ కంపెనీకి కూడా డీలర్లే. ఇంకా కిందికి వస్తే మన హన్మకొండ ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుల్లోనే తెలిసిపోతుంది, బ్యానరు సైజు కొలతలు ముందుగా వచ్చేది వాళ్లకే. అలాగని ప్రతి కలయికా కుట్ర కాదు. అందరూ ఒకే కంపెనీ చిప్పు కొంటారు, చిప్పు విడుదలైన వారాల్లోనే అందరి ఫోన్లూ వస్తాయి. దసరా దీపావళి అందరికీ ఒకటే. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీకయితే కొన్ని నిర్ణయాలను దాచుకునే వీలే లేదు, మార్కెట్ వేళల్లో ముగిసిన బోర్డు మీటింగులో తేలిన ముఖ్య విషయాన్ని ముప్పై నిమిషాల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలన్నది స్టాక్ మార్కెట్లను చూసే సెబీ నిబంధన.

ఇప్పుడు ఈ ఆట గంటల్లోకి వచ్చేసింది ఏఐ కంపెనీల దగ్గర. 2024 ఫిబ్రవరి 15న గూగుల్ తన ఏఐ జెమినై 1.5 ప్రకటించిన కొద్ది గంటల్లో ఓపెన్‌ఏఐ, మాటల్లో చెబితే వీడియో చేసిపెట్టే సోరా వీడియోలు వదిలింది. ఆ రోజంతా జనం మాట్లాడుకున్నది సోరా గురించి. జనం చేతికి సోరా వచ్చింది డిసెంబర్‌లో. అదే ఏడు మే 14న గూగుల్ వార్షిక సమావేశమని అందరికీ తెలుసు, ఓపెన్‌ఏఐ 13న తన కొత్త ఏఐ జీపీటీ-4ఓ చూపించింది. ఇక్కడ ఆపాల్సింది షాపులో గిరాకీని కాదు. పెట్టుబడి పెట్టేవాడి చూపును, ఏ కంపెనీలో చేరాలా అని ఆలోచించే ఇంజినీరు చూపును తిప్పాలి. కాజీపేట ఎన్‌ఐటీలో చదివే పిల్లలతో మాట్లాడితే ఏ కంపెనీ ముందుంది అన్నదానికి వాళ్ల జవాబు ఆ వారం వచ్చిన ప్రకటనను బట్టి మారడం నేను చూశాను.

తొందరపడితే ఎంతవుతుందో కూడా అక్కడే తెలిసింది. 2023 ఫిబ్రవరి 7న మైక్రోసాఫ్ట్ ఏఐతో నడిచే తన కొత్త సెర్చ్ బింగ్ చూపించింది, దానికి ఒక రోజు ముందు, 6వ తేదీనే, గూగుల్ తన చాట్‌బాట్ బార్డ్‌ను ప్రకటించింది. ప్రచారంలో పెట్టిన ఒక నమూనా జవాబులో, సౌరకుటుంబం అవతలి గ్రహాన్ని మొదటిసారి ఫొటో తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అని ఉంది. ఆ ఫొటో 2004లోనే ఇంకో టెలిస్కోప్ తీసింది. 8వ తేదీన ఆల్ఫాబెట్ మార్కెట్ విలువ దాదాపు పదివేల కోట్ల డాలర్లు కరిగిపోయింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసింది సెగా కథ, ఎందుకంటే అందులో దుకాణదారులున్నారు. 1995లో అమెరికాలో సోనీ మొదటి వీడియో గేమ్ యంత్రం ప్లేస్టేషన్ సెప్టెంబరులో వస్తోంది. పోటీ కంపెనీ సెగా తన గేమ్ యంత్రం శాటర్న్ కూడా సెప్టెంబర్ 2న అని అప్పటికే చెప్పి ఉంది. మే 11న లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో సెగా హఠాత్తుగా, శాటర్న్ ఈ రోజు నుంచే దుకాణాల్లో ఉంది, ధర 399 డాలర్లు అంది. సోనీని నాలుగు నెలల ముందే కొట్టేశామనుకున్నారు. అదే రోజు సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. మిగతా ప్రసంగం అవసరం రాలేదు. దెబ్బ అక్కడితో ఆగలేదు. అంత తొందరలో సరుకు చాలక సెగా నాలుగు దుకాణాల గొలుసులకే శాటర్న్ ఇచ్చింది. మిగతావాళ్లకు ముందు మాటైనా చెప్పలేదు. కేబీ టాయ్స్ అనే పెద్ద బొమ్మల దుకాణాల సంస్థ కోపంతో సెగా సరుకు పెట్టడమే మానేసింది. గేములు తయారు చేసేవాళ్లు సెప్టెంబరు అనుకుని పని చేస్తున్నారు, కాబట్టి యంత్రం వచ్చింది గానీ ఆడటానికి ఆటలు కొన్నే. నాలుగేళ్లకు సెగా తర్వాతి యంత్రం డ్రీమ్‌కాస్ట్ అమెరికాలో దిగే ముందు, 1999 మార్చిలో, సోనీ ప్లేస్టేషన్ 2 వివరాలు బయటపెట్టింది. అమెరికాలో దాని అమ్మకం 2000 అక్టోబరులో. డ్రీమ్‌కాస్ట్ ముందు బాగానే అమ్ముడైంది, తర్వాత కొనేవాళ్లు ఆగారు, 2001లో సెగా యంత్రాల తయారీ నుంచే తప్పుకుంది.

కర్చీఫ్ తన సీటుకే చుట్టుకోవడమూ ఉంది. ఆస్బోర్న్ కంపెనీ 1981లో 1,795 డాలర్లకు మోసుకుపోగల కంప్యూటర్ తెచ్చి బాగా అమ్మింది. 1983లో దానికన్నా మంచిది వస్తోందని తానే ముందుగా చెప్పుకుంది. ఉన్నది కొనడం జనం ఆపేశారు, ఆ సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. దివాలాకు వేరే కారణాలూ ఉన్నాయని వాదించేవాళ్లు ఉన్నారు, అయినా ఈ జబ్బుకు ఆస్బోర్న్ పేరే మిగిలింది.

ఇదంతా కొనేవాడు ఆగగలిగినంత కాలమే. మా వైపు ఆగలేని కొనుగోలుదారు ఒకడున్నాడు, రైతు. మిరుగు వచ్చి రెండు మంచి వానలు పడ్డాయంటే పత్తి గింజ భూమిలో పడాల్సిందే. "వచ్చే నెల ఇంతకన్నా మంచి రకం వస్తుంది" అని ఏ కంపెనీ చెప్పినా జూన్‌లో అతను ఆగడు, వాన ఆగదు. పైగా బీటీ పత్తి విత్తనం గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2024-25లో ప్యాకెట్ 864 రూపాయలు, 2025-26లో 901. ధరలో పోటీ పడే చోటు తక్కువ, రైతును ఆపే వీలు లేదు. మరి పోటీ ఎక్కడ జరుగుతుంది?

డీలరు దగ్గర, ఎండాకాలంలో. వరంగల్‌లో విత్తనాల దుకాణం నడిపే మా పెద్దనాన్న కొడుకు దీన్ని చెబుతాడు. ఒక కంపెనీ కొత్త రకం తెస్తోందని తెలిస్తే చాలు, పోటీ కంపెనీ నెల ముందుగానే డీలర్లను పిలిచి భోజనం పెట్టి, ముందుగా డబ్బు కడితే ఇంత డిస్కౌంటు, ఇన్ని పెట్టెలు ఎత్తితే టూరు అంటుంది. దీన్ని ప్లేస్‌మెంట్ అంటారు. డీలరు చేతిలో ఉన్న డబ్బు పరిమితం, గోదాం పరిమితం. రెండూ మొదటి కంపెనీ సరుకుతో నిండిపోతే, కొత్త రకం ఎంత మంచిదైనా దాన్ని పెట్టడానికి చోటుండదు, కొనడానికి పైసలుండవు. మొబైల్ విషయంలో "ఆగుదాం" అనిపించి కట్టేస్తారు, విత్తనాల విషయంలో "ఇప్పుడే ఎత్తు" అనిపించి కట్టేస్తారు. ఆ డీలరు తన గోదాంలో ఉన్నదాన్నే రైతుకు మంచిదని చెబుతాడు, చెప్పక తప్పదు. పెద్దనాన్న కొడుకే ఒప్పుకుంటాడు: "అన్నా, పైసలు పెట్టి ఎత్తినంక నా నోట్లకెళ్లి వేరే పేరెట్ల వస్తది?" కంపెనీల తేదీల పోటీ చివరకు నర్సంపేట వైపు ఒక చెలకలో ఏ గింజ మొలవాలో నిర్ణయిస్తుంది. ఆ రైతు ఏ ప్రకటనా చూసి ఉండడు.

చట్టం ఏమంటుందంటే, తేదీ ఎంచుకోవడం నేరం కాదు. అమెరికాలో 1979లో కెమెరాల కంపెనీ కోడక్ మీద దాని పోటీదారు బెర్కీ వేసిన కేసులో, కొత్త సరుకు వివరాలు పోటీదారుకు ముందుగా చెప్పాల్సిన బాధ్యత కంపెనీకి లేదని పైకోర్టు తేల్చింది. చెప్పకపోవడం తప్పు కానట్టే, నిజాయితీగా ముందే చెప్పడమూ తప్పు కాదు. మార్కెట్ తన గుప్పిట్లో ఉన్న కంపెనీ, అబద్ధమని తెలిసీ చెబితేనే అక్కడ ప్రశ్న మొదలవుతుంది. మన పోటీ చట్టం 2002 నాటిది, అందులో ఆధిపత్య దుర్వినియోగాన్ని చూసే నాలుగో సెక్షన్ 2009 మే 20 నుంచి అమల్లో ఉంది. అది కూడా ఆధిపత్యం ఉన్న కంపెనీకే వర్తిస్తుంది. మార్కెట్లో నాలుగో, ఐదో స్థానంలో ఉన్న ఫోన్ కంపెనీ ఆవిరి సరుకు చూపిస్తే ఈ సెక్షన్ కిందికి రాదు. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్యకు వీలుంది, దానికోసం కేంద్ర ప్రాధికార సంస్థ కూడా ఉంది. కాకపోతే అది ప్రధానంగా కొనేవాడి కోసం. కొనకుండా ఆగినవాడికి జరిగిన నష్టమేమిటో, అతను కొనని షాపుకు జరిగిన నష్టమేమిటో కొలిచే చోటు మన చట్టాల్లో నాకు కనిపించలేదు.

కంపెనీలు కంపెనీలు కొట్టుకుంటే కొట్టుకోనివ్వచ్చు, వాళ్లకు లాయర్లున్నారు. నా బాధ షాపు గురించి. ధర తగ్గితే మిగిలిన సరుకుకు తేడా ఇస్తామన్న మాట చిన్న దుకాణాలకు చాలాసార్లు నోటి మాటగానే ఉంటుంది. ఎన్ని రోజుల్లోపు, యాక్టివేట్ కాని పీసులకేనా, ఒక్కో ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబర్లు ఎప్పటిలోగా పంపాలి, ఇవేవీ బిల్లు మీద ఉండవు. పెద్ద షోరూం గొలుసులకు ఇవన్నీ కాగితం మీద రాసి ఉంటాయి. హన్మకొండ చౌరస్తాలో ఉన్న షాపుకు కూడా అదే కాగితం ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. ముప్పై రోజులంటే ముప్పై రోజులే, కానీ సరుకు దింపుకునే రోజున చెప్పాలి, ధర తగ్గాక కాదు.

మా బామ్మర్ది ఇప్పుడు మూడు పనులు మార్చాడు. పండగకు ముప్పై ఎత్తడు, స్కీము పోతే పోనీ అని ఎనిమిది, పది తెచ్చుకుంటాడు. ధర తగ్గితే ఏం చేస్తారో డిస్ట్రిబ్యూటర్ మనిషి చేత వాట్సాప్‌లో రాయించుకుంటాడు, నోటితో చెబితే వినడు. మూడోది కౌంటరు దగ్గర. మొన్న పరకాల నుంచి ఒకాయన వచ్చాడు, బిడ్డకు హాస్టల్లో సీటు వచ్చిందట. డెమో పీసు చూసి, పక్కన పెట్టి, అలవాటుగా అందరూ అడిగేదే అడిగాడు: "కొత్తది వస్తుందట గదా తమ్మీ, ఆగాల్నా?"

"ధర చెప్పిండ్రా పెద్దనాయనా? తేదీ చెప్పిండ్రా? హన్మకొండల ఏ షాపుల దొరుకుతదో చెప్పిండ్రా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. టీవీలో చూశాడట, మూడింటిలో ఒక్కటీ గుర్తు లేదు.

"బిడ్డ ఎప్పుడు పోతున్నది?"

"రేపు పొద్దుగాల బస్సుకు."

బామ్మర్ది ఇంకేమీ అనలేదు. ఆయనే డెమో పీసును మళ్లీ చేతిలోకి తీసుకుని, అమ్మ ఫొటో వాల్‌పేపర్ ఎట్లా పెట్టాలో చూపించమన్నాడు.